ఎండలో నిలబెట్టే పడవ కాదు మాది

"మంజీర మీద తెరచాప పడవలు ఉండేవా?" అని కామారెడ్డిలో నన్ను అడగనివాళ్లు లేరు. అడిగిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఉండేవా ఏమిటి, మాది ఇప్పటికీ ఉంది. తెరచాప అనగానే వీళ్లకు కోస్తా జిల్లాలు గుర్తొస్తాయి, లేదంటే ఏదో సినిమా పాట గుర్తొస్తుంది. మా దిక్కు నీళ్లంటే బోరుబావి, ట్యాంకరు అంతేనని వాళ్ల నమ్మకం. నిజాంసాగర్ నిండిందని తెలిస్తే కార్లు వేసుకుని వచ్చి, గేట్ల ముందు ఫోటో దిగి, కాల్చిన మక్క కంకులు తిని పోతారు. ఆ నీళ్ల మీద జొన్నలు, బెల్లం, తునికాకు నడిచాయంటే మాత్రం నన్ను పైనుంచి కిందికి చూస్తారు. చూడనీ. వాళ్లు నమ్మితేనే తేలే పడవ కాదు కదా మాది.

నేను కామారెడ్డిలో బట్టలు కుట్టి బతుకుతాను. జాకెట్లు, పిల్లల స్కూలు బట్టలు, పెళ్లిళ్ల సీజన్లో లంగా ఓణీలు. పుట్టింది మాత్రం ఎల్లారెడ్డికి అవతల, నిజాంసాగర్ వెనక నీళ్లు వచ్చి ఆగే ఒడ్డున ఒక చిన్న ఊళ్లో. మా తాత పడవ నడిపేవాడు. ఆయన తర్వాత మా బాపు నడిపాడు. బాపు పోయాక ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, పట్టుకున్నాడు. నాకున్న ఒక్క అన్న పడవ జోలికి పోలేదు. ఎల్లారెడ్డిలో ట్రాలీ ఆటో నడుపుతాడు. పడవ పనిలో సగం రోడ్డు తిన్నది, మిగతా సగం ట్రాలీలు తిన్నాయి. ఆ ట్రాలీల్లో ఒకటి మా ఇంటిదే. మా వేలితో మా కన్నే పొడుచుకున్నాం, ఇంకొకరిని అని ఏం లాభం.

పడవ అనగానే పుట్టి అనుకుంటారు చాలామంది. పుట్టి గుండ్రంగా ఉంటుంది, చేపలు పట్టేవాళ్లది. మాది పొడుగాటి చెక్క పడవ, సరుకు మోసేది. అడుగు చదునుగా ఉంటుంది, ఎందుకంటే మా నీళ్ల లోతును నమ్మడానికి లేదు. ఇక్కడ మనిషి మునిగేంత ఉంటే అక్కడ మోకాలి బంటి ఉంటుంది. చెక్కకూ చెక్కకూ మధ్య సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. నడుమ ఒక స్తంభం, దానికి తెరచాప. వెనక చుక్కాని. గాలి లేనప్పుడు తోయడానికి వెదురు గడలు. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదని మా చిన్నాయనే అంటాడు. గాలి తీసుకుపోయినంత దూరం పోవాలి, గాలికి చేతకానప్పుడు మన రెక్కలు వాడాలి.

వానకాలం పడమటి గాలి మొదలైతే మా ఇంట్లో సందడి. అవతలి ఒడ్డుకు, అంటే బిచ్కుంద దిక్కుకు, గడలు వేసుకుంటూ కష్టపడి పోయేవాళ్లు. పోయేటప్పుడు తునికాకు కట్టలు, ఉప్పు బస్తాలు, దీపాల గ్యాసునూనె. అక్కడ జొన్నలు, మిరపకాయలు, బెల్లం, మేకలు ఎక్కించుకుని తెర ఎత్తితే, గాలే మా ఒడ్డుకు తోసుకొచ్చేది. మరాఠీ మాట్లాడే బెల్లం వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఎక్కిన దగ్గరి నుంచి దిగేదాకా కళ్లు మూసుకుని విఠోబాను పిలిచేవాడు. దిగాక మాత్రం ఒడ్డు మీద ఉన్నవాళ్లందరికీ పడవను తనే నడిపినట్టు చెప్పుకునేవాడు. మా బాపు ఆ గొప్పలు వింటూ బీడీ కాల్చుకునేవాడు, ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

ఈ పడవకు ఆడవాళ్లు చేసే పని ఒకటుంది. తెరచాప కుట్టడం. నేను సూది పట్టింది ఏ ట్రైనింగు సెంటర్లోనూ కాదు, మా వాకిట్లో పరిచిన తెరచాప మీద. అవ్వ ఒక అంచు, చిన్నమ్మ ఒక అంచు, నడుమ నేను. అంచులో తాడు పెట్టి కుట్టే చోట దారం మైనంలో ముంచి రెండు వరసలు వేయాలి. కుట్టింది మేము, పసుపు కుంకుమ పెట్టి సాగనంపింది మేము. కానీ పడవ ఎక్కామంటే మేకల పక్కన కూర్చోవాలి. ఆడపిల్ల చుక్కాని ముట్టకూడదు. ఎందుకని అడిగితే, ముట్టకూడదు కాబట్టి ముట్టకూడదు. మేక పోయి చుక్కానికి ఒళ్లు రాసుకున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేను చెయ్యి చాపితే మాత్రం బాపు కళ్లెర్రజేసేవాడు. మా బాపు చాలా మంచివాడు. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి, అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చెక్క పడవకు నీళ్లు భయం కాదు, ఎండ భయం. ఎండలో పెడితే చెక్క ఎండి ముడుచుకుంటుంది, సందులు విచ్చుకుంటాయి, ఒక్క ఎండకాలంలో పడవ కట్టెలపొయ్యికి పనికొచ్చేలా తయారవుతుంది. అందుకని నీళ్లు తగ్గిపోయి పని ఆగినప్పుడు మావాళ్లు పడవను ముంచేస్తారు. పాత మంజీర పారిన చోట ఒక మడుగు ఉంది, అది ఎంత ఎండలకూ ఎండదు. పడవను అందులోకి తోసి, అడుగున ఉన్న చెక్క బిరడా తీసి, లోపల రాళ్లు పేరుస్తారు. పడవ మెల్లగా కూర్చుని నీళ్ల అడుగున పడుకుంటుంది. దీన్ని పండబెట్టుడు అంటారు. మిరుగం, అంటే మృగశిర కార్తె, దాటి వానలు పడ్డాక రాళ్లు తీసి లేపుతారు. మొదటి రాయి ఎవరు పెడితే వాళ్లే మొదటి రాయి తీయాలి. అంటే ఆ ఏడు పడవ బాధ్యత వాళ్లది. ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు.

పోయిన చలికాలంలో చిన్నాయన భుజం పూర్తిగా పోయింది. చెయ్యి పైకి లేవదు. చుక్కానిని బలంగా నెట్టాలంటే ప్రాణం పోతుంది. అదే రోజుల్లో నీళ్ల ఒడ్డున పొలమున్న ఒక పెద్దమనిషి అక్కడ పార్కు పెట్టడం మొదలుపెట్టాడు. ప్రాజెక్టు చూడటానికి వచ్చేవాళ్ల కోసం టీ హోటలు, ఉయ్యాలలు, సిమెంటు కొంగలు. ఆయనకు మా పడవ కావాల్సి వచ్చింది. గేటు ముందు సిమెంటు గద్దె కట్టి, దాని మీద పడవను నిలబెట్టి, నీలం రంగు వేయించి, రేకుతో తెరచాప చేయించి దానికి బల్బులు పెట్టిస్తాడట. మా అన్నను అడిగాడు. అన్న సరేనన్నాడు.

ఈ సంగతి చిన్నమ్మ ఫోన్లో చెప్పింది. కత్తెర కింద పడేసి, సగం కోసిన జాకెట్టు గుడ్డ అట్లాగే వదిలేసి, ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు, నిలబడటానికి కూడా చోటు లేదు. దారి పొడుగునా ఎవరో ఒకరి మోచెయ్యి నా పక్కటెముకల్లో ఉంది, నా కోపం నా గొంతులో ఉంది.

ఇంటికి పోయేసరికి పార్కు పెద్దమనిషి మా వాకిట్లోనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. చెడ్డవాడని నేను చెప్పను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు కూడా.

"రాండ్రి అక్కా. మీ తాత పేరు నిలవెడుతున్నం. పక్కన బోర్డు గూడ రాపిస్త, పెద్ద అక్షరాలతోని."

"ఎండలో నిలవెడితే ఎన్ని దినాలు నిలుస్తది?" అని అడిగాను.

"రంగు ఏపిస్త గదా."

"రంగు చెక్కకు బయట ఏస్తరు. చెక్క పగిలేది లోపటికెల్లి."

"పగిలితే సిమెంటు పెట్టిపిస్త."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పడవ చేతికి రాకముందే ఆయన దానికి సిమెంటు పూత దాకా పోయాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, ఉగాది దాటాక ట్రాక్టరు పంపుతానని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన పోయాక ఇంట్లో యుద్ధం. అన్న మాటలో న్యాయం లేదని నేను అనను. ఉన్న న్యాయమంతా ఆయన దగ్గరే ఉన్నట్టు మాట్లాడాడు, అదే నాకు కాలింది.

"చిన్నాయన చెయ్యి లేస్తలేదు. నాకు ట్రాలీ ఉన్నది. ఇంక పడవ ఎవలు నడపాలె? వానకు నాని, ఎండకు ఎండి, ఒడ్డు మీదనే మురిగిపోతది. ఆయన తీస్కపోతే కండ్లకన్న కనవడతది."

"ఎండిపోయినంక కనవడితెంత, కనవడకుంటెంత."

"మరి చుక్కాని పట్టేటోడు ఏడున్నడే?"

"నేను పడుత."

అన్న నవ్వాడు. కసితో కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వాడు.

"కుట్టుమిషననుకున్నవా ఏంది, తొక్కితే ఉరుకనీకి?"

"మిషనే నయం. ఉన్నకాడనే ఉంటది, ఎదురు మాట్లాడది. నీ లెక్క కాదు."

చిన్నాయన మంచం మీద కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు. ఇద్దరినీ చూశాడు. "పండవెట్టే దినం రానీ" అన్నాడు. అంతే. అన్న ట్రాలీ స్టార్ట్ చేసుకుని పోయాడు. తను ఇచ్చిన మాట తను నిలబెట్టుకుంటానని గేటు దగ్గర ఆగి మరీ చెప్పాడు.

చిన్నాయన అన్న ఆ ఒక్క మాట నేను బస్సులో తిరిగి వస్తూ పదిసార్లు అనుకున్నాను. ఆయన నాకు దారి చూపించాడో, నన్ను తప్పించుకున్నాడో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం దారి అనే అనుకున్నాను. మొదటి రాయి పెట్టినవాళ్లదే కదా బాధ్యత. ఆ రాయి ఆడది పెట్టకూడదని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదేమో, ఎవరూ పెట్టలేదు కాబట్టి.

ట్రాక్టరు వచ్చే రోజు ఏదో చిన్నమ్మ కనుక్కుంది. ఆ రోజు పొద్దున మొదటి బస్సుకే దిగాను. చిన్నమ్మ ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్లను పోగుచేసింది. చాటలు పక్కన పెట్టి, కొంగులు నడుముకు చుట్టుకుని వచ్చారు. నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. పడవ బురద మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. దుంగలు కింద వేసి, మేము తోశాం. ఒక ముసలవ్వ తోసినంతసేపూ పార్కు పెద్దమనిషి తాతముత్తాతలను పేరుపేరునా తిట్టింది. వాళ్ల పేర్లు ఆమెకు తెలియవు, అప్పటికప్పుడు కల్పించుకుంది. నవ్వలేక, తోయలేక చచ్చాం.

పడవ మడుగులోకి జారాక చిన్నాయన కర్ర పట్టుకుని వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. బిరడా ఎక్కడుందో కర్రతో చూపించాడు. నేను నీళ్లలోకి దిగి బిరడా పీకాను. నీళ్లు లోపలికి చిమ్మాయి. ఒడ్డు మీద రాళ్లు కుప్పగా ఉన్నాయి, తాత కాలం నుంచీ అవే రాళ్లు. ఒకటి ఎత్తుకున్నాను. చిన్నాయన కళ్లలోకి చూశాను. ఆయన తల తిప్పుకోలేదు. రాయి పడవ నడుమ పెట్టాను. తర్వాత చిన్నమ్మ, తర్వాత అందరూ.

పడవ మునిగిపోయి, నీళ్ల మీద బుడగలు కూడా ఆగిపోయాక ట్రాక్టరు వచ్చింది. దాని వెనకే బండి మీద పెద్దమనిషి. మేమంతా తడిసిన చీరలతో ఒడ్డున కూర్చుని ఉన్నాం.

"పడవేది?" అన్నాడు.

"నీళ్లల్ల" అంది చిన్నమ్మ.

ఆయన ముఖం పాలిపోయింది. "ముంచిండ్రా! ఇయ్యకుంటే ఇయ్యమని చెప్పుండ్రి. గంత మంచి పడవను ముంచుకుంటరా అక్కా, మీ తాతది!" నిజంగానే బాధపడ్డాడు. ఆయనకు ఏరు తెలుసు కానీ పడవ తెలియదు. కోపంతో దాన్ని నాశనం చేశామనుకున్నాడు. ముసలవ్వ నోరు తెరవబోతే చిన్నమ్మ ఆమె తొడ గిల్లింది. నేను ఏమీ చెప్పలేదు. చెప్తే, అదే ట్రాక్టరుకు తాడు కట్టి పైకి లాగేవాడు. అనుకోనీ అనుకున్నాను.

ఆ మాట నాకంటే ముందు కామారెడ్డి చేరింది. పౌరుషానికి పోయి తాత పడవను ముంచిన ఆడది అని నాకు పేరొచ్చింది. దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరూ కొలతలు ఇస్తూ ఆ ముచ్చటే తీశారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు తెలియదు. ఒకామె అయితే, "కోపమొస్తే గట్ల చేస్తరా ఎవలన్న?" అని నిలదీసింది. "మా ఇంట్ల కోపమొస్తే ముంచుడే పద్ధతి, నీ జాకెట్టు ఎప్పుడు కావాలె?" అన్నాను. ఆమె మళ్లీ రాలేదు. రాకపోతే మానె.

అన్న నాతో మాటలు మానేశాడు. నలుగురిలో తన మాట పోయిందని ఆయన బాధ. అది నాకు తెలుసు, నాకూ బాధగానే ఉండేది. ఎండలు ముదిరాక ఒక రోజు మిషను తొక్కుతుంటే ఒక సంగతి తట్టింది. పడవ మునగలేదని, పడుకుందని అన్నకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ చూసినవాడు. పెద్దమనిషితో ఒక్క ముక్క చెప్తే చాలు, పడవ సిమెంటు గద్దె మీద ఉండేది. ఎండకాలమంతా ఆయన ఆ ముక్క చెప్పలేదు. నా మీద అంత కోపం పెట్టుకుని కూడా చెప్పలేదు. మిషను ఆపి కాసేపు ఏడ్చాను.

చిన్నమ్మ సంగతి అంతకంటే వింత. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఆమె కూడా నోరు కుట్టుకుంది. ఎల్లారెడ్డి అంగడిలో జనం నన్ను తిడుతుంటే, తనూ రెండు తిట్లు కలిపి తిట్టి వచ్చేదట, అనుమానం రాకుండా. ఆ తిట్లు ఏవో నాకు ఫోన్లో అప్పజెప్పి కడుపుబ్బా నవ్వేది. రెండు చాలు కదా చిన్నమ్మా, నాలుగైదు ఎందుకు తిట్టావు అంటే, నిన్ను తిట్టక చాన్నాళ్లైంది, ఆ బాకీ కూడా తీర్చుకున్నా అంది.

ఆ ఎండకాలం నేను కొత్త తెరచాప కుట్టాను. పాతదాన్ని ఎలుకలు కొట్టేశాయి. చవకలో తాడిపత్రి, అంటే టార్పాలిను, వేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. తాడిపత్రి గాలిని పట్టదు, గాలితో కొట్లాడుతుంది. మందపాటి నూలు గుడ్డ తెప్పించి, దుకాణం మూశాక కాదు, పట్టపగలే, అందరి ముందే కుట్టాను. దుకాణం పట్టలేదు, సగం గుడ్డ రోడ్డు మీదికి పోయింది. "ఎవలికి గింత పెద్ద జాకెట్టు?" అని పక్క చాయ్ దుకాణం ఆయన అడిగాడు. నిజాంసాగర్‌కు అన్నాను. అంచు తాడు మాత్రం మిషను మీద వేయలేదు. ఊరికి తీసుకుపోయి, వాకిట్లో పరిచి, చిన్నమ్మా నేనూ మైనం దారంతో చేత్తో వేశాం.

మిరుగం దాటింది. వానలు పడ్డాయి. మడుగులోకి దిగి మొదటి రాయి నేనే తీశాను. రాళ్లన్నీ తీసి, బిరడా కొట్టి, బిందెలతో నీళ్లు తోడుతుంటే, నల్లటి అంచు మెల్లగా పైకి తేలింది. ఒక్క చెక్క కూడా కదల్లేదు. మడుగు బురద వాసన, గుగ్గిలం వాసన కలిసి వచ్చాయి. ఆడవాళ్లందరూ అరిచారు. చిన్నాయన ఒడ్డున కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా వచ్చి చుక్కాని నేర్చుకున్నాను. చుక్కానిని ఇటు నెడితే పడవ అటు పోతుంది. అది చెయ్యికి పట్టుబడేదాకా నేను గుద్దని ఒడ్డు లేదు. చిన్నాయన స్తంభం దగ్గర కూర్చుని తిట్టేవాడు. "నీ లెక్కనే ఉన్నది గదనే ఇది. చెప్పినదానికి ఎదురు వోతది." పార్కు పెద్దమనిషి కూడా వచ్చి చూసి, చాలాసేపు నోరెళ్లబెట్టి నిలబడ్డాడు. ఆయనకు కోపం రాలేదు, పైగా సంతోషించాడు. తన దగ్గరికి వచ్చేవాళ్లను ఎక్కించుకుని తిప్పుతావా అని అడిగాడు. "సరుకు మోసే పడవ ఇది. ఎక్కాలంటే బస్తా ఎత్తుకొని ఎక్కమను" అన్నాను. ఒడ్డు మీది నుంచి చూసేవాళ్లను చూడమన్నాను, చూపులకు నాకేం నష్టం.

మోయడానికి సరుకేదని మీరు అడగొచ్చు. ఊళ్లోనూ అదే అడిగారు. వెక్కిరింతగా అడిగారు. రోడ్లు ఉన్నాయి, ట్రాలీలు ఉన్నాయి, ఖాళీ పడవ తిప్పుకోవడానికి కామారెడ్డి నుంచి రావాలా అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట ఒక్కటే నన్ను నిద్రపోనివ్వలేదు. సరుకు లేకపోతే మా పడవకూ సిమెంటు కొంగకూ తేడా ఏముంది?

ఒక రోజు అన్న ఫోన్ చేశాడు. ఉగాది నుంచీ అదే మొదటిసారి.

"అవుతల ఒడ్డుకు చొప్ప ఉన్నది. తొవ్వ మునిగింది, నా బండి పోతలేదు" అన్నాడు. "తెస్తవా?" అని అడిగాడు.

నీళ్లు తగ్గినప్పుడు బయటపడే నేలను మా దిక్కు శిఖం అంటారు. అక్కడ జొన్న వేసుకుంటారు. మా ఊళ్లో బర్లు పెట్టుకుని పాలు పోసే ఒకామె అవతలి శిఖంలో జొన్న కోసి, చొప్పను ఒక గడ్డ మీద వామి వేసి పెట్టుకుంది. ఈసారి నీళ్లు తొందరగా ఎక్కాయి. వామి చుట్టూ నీళ్లు. ఇక్కడ బర్లు మేత లేని గాటి ముందు అరుస్తున్నాయి. అన్న ట్రాలీ వేసుకుని చుట్టూ తిరిగి పోయి, చక్రాలు దిగబడి వాపసు వచ్చాడు. వాపసు వచ్చి నాకు ఫోన్ చేశాడు. తెస్తానన్నాను.

మరునాడు పొద్దున ఒడ్డు మీద జనం. అందులో బాపు ఈడు పెద్దాయన ఒకాయన, నేను వెనక్కి పోయి చుక్కాని దగ్గర నిలబడేసరికి ఊరుకోలేకపోయాడు.

"ఆడివిల్ల చుక్కాని వట్టుకుంటే గాలి వడిపోతది. చెప్తున్న, నడుమ నీళ్లల్ల నిలవడతరు."

ముట్టకూడదని తెలుసు కానీ, కారణం నాకు తెలిసింది అప్పుడే. ఇన్నేళ్లూ దీనికోసమా నన్ను మేకల పక్కన కూర్చోబెట్టింది అని నవ్వొచ్చింది, మంటా వచ్చింది. "పడితే పడనియ్యి పెదనాయనా" అని గడ వేయమన్నాను.

చిన్నమ్మ ఒక గడ, బర్ల ఆమె ఒక గడ, స్తంభం దగ్గర చిన్నాయన. పొద్దెక్కేసరికి వామి దగ్గరికి చేరాం. చొప్ప కట్టలు పేర్చాం, పడవ కంటే చొప్పే ఎత్తైంది. తెర ఎత్తాం. పడమటి గాలి నిండుగా పట్టుకుంది. నేను కుట్టిన గుడ్డ పొట్ట ఉబ్బించుకుని లాగుతుంటే, చుక్కాని నా చేతుల్లో బతికినదానిలా కొట్టుకుంటుంటే, అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పాను.

సరిగ్గా నడుమ నీళ్లలో గాలి పడిపోయింది.

నిజంగానే పడిపోయింది. తెర పాత చీరలా వేలాడింది. ఒడ్డు కనిపిస్తోంది, ఒడ్డు మీద జనం కనిపిస్తున్నారు. వాళ్లు ఏమనుకుంటున్నారో నాకు అక్కడి నుంచే వినిపించింది. బర్ల ఆమె నా చేతుల వంక చూసింది. తప్పు నాదేనేమోనని, నమ్మకూడదనుకుంటూనే, ఒక్క నిమిషం నేను కూడా నమ్మాను.

చిన్నాయన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"మీ బాపు వట్టుకున్నప్పుడు గూడ వడిపోతుండె. మస్తుసార్లు. మీ తాత వట్టుకున్నప్పుడు గూడ. అప్పుడు ఎవలేమనలె."

చిన్నమ్మ కిసుక్కున నవ్వి గడ ఎత్తింది. బర్ల ఆమె కూడా లేచింది. గడలు బురదలో దిగాయి, పడవ కదిలింది. మెల్లగా, చొప్ప రాలుస్తూ, నేను చూపించిన దిక్కుకే వచ్చింది.

ఒడ్డు దగ్గరపడేసరికి పెద్దాయన గొంతు మా కంటే ముందు నీళ్లలోకి వచ్చింది. "చెప్పిననా లేదా! పడ్డదా గాలి!"

నేను నోరు తెరిచేలోపే అన్న, ట్రాలీ వదిలేసి, మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగాడు.

"పడితే పడ్డది. పడవ వచ్చిందా లేదా?" అని ఆయన మీద అరిచాడు. అరిచి, మా వైపు చేతులు చాపాడు. "తాడు ఇసురుండ్రి."

చిన్నమ్మ విసిరింది. అన్న పట్టుకుని లాగాడు. పడవ అడుగు ఒడ్డుకు తగిలేదాకా చుక్కాని నేను వదల్లేదు.